కారు–లారీ ప్రమాదంలో ఇంటి మనిషి పోతే: క్లెయిమ్ రాజీకి సంతకం పెట్టేముందు చేయాల్సిన పనులు

"లారీ ఓనరు మూడు లక్షలు ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?"

ఈ ప్రశ్న వినని నెల నాకు లేదు. జిల్లా కోర్టులో లాయరు గుమాస్తాగా పద్దెనిమిదేళ్లు యాక్సిడెంట్ ఫైళ్లు మోశాను. అడిగేవాళ్లు మారతారు, ప్రశ్న మారదు. కొందరు పెద్దకర్మ కాకముందే అడుగుతారు. కొందరు బాండు పేపరు మీద సంతకం పెట్టేసి వచ్చి అడుగుతారు. రెండో రకంవాళ్ల పని పదింతలు కష్టం. మొదటి రకంవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

రాజీ పడటం తప్పు కాదు. ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగడం కంటే చాలామందికి అదే మేలు. కాకపోతే వరస ముఖ్యం: ముందు లెక్క, తర్వాత బేరం, సంతకం మాత్రం కోర్టులో. రచ్చబండ దగ్గర, స్టేషన్ వరండాలో, లారీ ఓనరు ఆఫీసులో కాదు.

మోటారు వాహనాల చట్టం, 1988 దేశమంతా ఒకటే. ప్రమాదం మహారాష్ట్రలోనో కర్ణాటకలోనో జరిగినా, మీరు ఉండే ఊరి జిల్లా కోర్టులోని మోటారు ప్రమాద క్లెయిమ్‌ల ట్రిబ్యునల్‌లో కేసు వేసుకోవచ్చు. సోలాపూర్ దగ్గర యాక్సిడెంట్ అయితే సోలాపూర్ తిరగక్కర్లేదు.

ముందుగా తేల్చుకోవాల్సింది: పోయినవారు ఏ సీట్లో ఉన్నారు?

దీన్నిబట్టే దారి మారుతుంది.

కారులో ప్రయాణికులుగా ఉంటే మీ పని కాస్త తేలిక. తప్పు కారుదా, లారీదా, ఇద్దరిదీనా అన్న గొడవ మీది కాదు. ఇద్దరి తప్పూ ఉంటే మొత్తం సొమ్ము ఎవరో ఒకరి దగ్గరే రాబట్టుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. వాటాలు వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. అయినా కేసులో రెండు బండ్ల ఓనర్లనూ, రెండు ఇన్సూరెన్స్ కంపెనీలనూ పెట్టండి. కారు పాలసీ ప్యాకేజీదా (సొంత బండికీ, అందులో కూర్చున్నవారికీ వర్తించేది), థర్డ్ పార్టీ మాత్రమేనా అన్నది కూడా చూడండి. సొంత కారులో ఊరికే కూర్చున్నవారికి థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఆ కంపెనీ తప్పించుకోగలదు.

కారు నడుపుతూ పోయి, తప్పు లారీది అయితే క్లెయిమ్ లారీ ఇన్సూరెన్స్ మీదే. మీవాళ్ల తప్పు ఇరవై శాతమో, ముప్పై శాతమో ఉందని తేలితే అంతమేరకు కోత పడుతుంది.

తప్పంతా కారు నడిపినవారిదే అయితే ట్రిబ్యునల్‌లో సొమ్ము రావడం కష్టం. అయితే ఆ కారు ఆయన పేరు మీదే ఉండి, లైసెన్సు చెల్లుబాటులో ఉంటే పాలసీలో "ఓనర్–డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్" ఉందేమో వెతకండి. అది 15 లక్షలు. తప్పెవరిదన్న ప్రశ్నే రాదు, నామినీ అడిగితే చాలు. పాలసీ కాగితం రెండో పేజీలో ఉండే ఈ ఒక్క లైను చూడక వదిలేసిన కుటుంబాలను నేను కళ్లారా చూశాను.

జీతానికి కారు నడిపే డ్రైవరైతే ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద అడగొచ్చు, లేదా మోటారు వాహనాల చట్టం కింద అడగొచ్చు. రెండూ కుదరవు. తప్పు మీవైపు ఉన్నట్టు కనిపిస్తే మొదటిదే నయం, అందులో తప్పు ఎవరిదని చూడరు.

దగ్గర పెట్టుకోవాల్సిన కాగితాలు

- ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు
- సంఘటనా స్థలం పంచనామా, రఫ్ స్కెచ్, రెండు బండ్ల ఎం.వి.ఐ. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టులు, తర్వాత ఛార్జిషీటు
- లారీ ఆర్.సి., ఇన్సూరెన్స్, పర్మిట్, ఫిట్‌నెస్, డ్రైవరు లైసెన్సు నకళ్లు
- మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ (మీసేవలో పెట్టుకోవచ్చు)
- వయసుకు రుజువు: పదో తరగతి సర్టిఫికెట్ లేదా స్కూలు టీసీ
- సంపాదనకు రుజువులు
- ఆసుపత్రిలో చేర్చాక పోయి ఉంటే అన్ని బిల్లులు, డిశ్చార్జి లేదా డెత్ సమ్మరీ
- భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రుల ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కులు

వయసు విషయంలో ఆధార్‌ను నమ్ముకోకండి. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్‌కే విలువని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. మన ఊళ్లలో సగం ఆధార్ కార్డుల్లో పుట్టిన తేదీ జనవరి 1. ఒక్క ఏడాది తేడాకు లక్షలు మారతాయని కింద లెక్కలో మీకే తెలుస్తుంది.

1. ఫిర్యాదులో ఏం రాశారో చదవండి

నన్నడిగితే సగం కేసు ఇక్కడే గెలుస్తారు లేదా ఓడతారు. ప్రమాదం జరిగిన రాత్రి, మార్చురీ బయట, ఏడుస్తూ ఉన్న తమ్ముడి చేతో బావమరిది చేతో ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. రాసేది స్టేషన్ రైటరు. లారీ ఆగి ఉన్న కేసుల్లో ఆ కాగితంలో మామూలుగా ఉండే వాక్యం ఇది: "కారు డ్రైవరు అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి, ముందు ఆగి ఉన్న లారీని వెనక నుంచి ఢీకొట్టాడు." పోయినవాడే ముద్దాయి. ముద్దాయి లేడు కాబట్టి కేసు మూసేస్తారు. స్టేషన్‌కు పని తగ్గుతుంది. మీకు మాత్రం మూడేళ్ల తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు అదే కాగితం చూపించి, "మీ బావమరిదే ఇచ్చిన ఫిర్యాదు కదండీ" అంటాడు.

సంతకం పెట్టేముందు గట్టిగా చదివించుకోండి. చూడనిది చూసినట్టు రాయించొద్దు. "ప్రమాదం ఎలా జరిగిందో నాకు తెలియదు, విచారించి బాధ్యులపై చర్య తీసుకోవాలి" అని రాస్తే చాలు, అది నిజం కూడా. లారీకి వెనక లైట్లు లేవని, రిఫ్లెక్టర్ టేపు లేదని, ట్రయాంగిల్ పెట్టలేదని, కొమ్మలో రాళ్లో కూడా అడ్డం పెట్టలేదని చూసినవాళ్లు చెబితే ఆ సంగతి ఫిర్యాదులోకి ఎక్కాలి.

ఎఫ్‌ఐఆర్ ఇప్పటికే తప్పుగా పడిపోయిందా? ఆశ వదులుకోవద్దు. డీఎస్పీకి, ఎస్పీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచుకోండి. ట్రిబ్యునల్‌లో ఎఫ్‌ఐఆర్ ఒక్కటే సాక్ష్యం కాదు. ప్రత్యక్ష సాక్షిని, స్కెచ్‌ను, ఎం.వి.ఐ. రిపోర్టును కలిపి చూస్తారు. అనుమానానికి తావు లేకుండా రుజువు చేయాలన్న క్రిమినల్ కేసు నియమం ఇక్కడ లేదు, ఎటువైపు ఎక్కువ నమ్మకంగా ఉందన్నదే చూస్తారు. లారీ డ్రైవరు క్రిమినల్ కేసులో బయటపడినా మీ క్లెయిమ్ పోదు.

లైట్లు లేకుండా నడిరోడ్డులో వదిలేసిన ట్రెయిలర్‌ను కారు గుద్దిన కేసులో, కింది కోర్టులు కారుమీద వేసిన తప్పును 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. తప్పు ట్రెయిలర్‌దే అంది. ఆ తీర్పు సంగతి మీ లాయరు దగ్గర ఎత్తండి.

2. పది రోజుల్లో సాక్ష్యం పోగేయండి

టోల్‌ప్లాజా, పెట్రోలు బంకు, దాబా కెమెరాల్లో రికార్డింగు కొద్దిరోజులకే చెరిగిపోతుంది. ఎస్‌ఐకి ఒకటి, టోల్‌ప్లాజా మేనేజరుకి ఒకటి ఉత్తరం రాసి, రికార్డింగు దాచిపెట్టమని అడగండి. జాతీయ రహదారి అయితే పెట్రోలింగ్ బండి వచ్చి ఉంటుంది. రహదారి హెల్ప్‌లైన్ 1033కి ఎవరైనా ఫోన్ చేసి ఉంటే ఆ సమయం కూడా పనికొస్తుంది.

బండ్లు స్టేషన్ ఆవరణలో ఉండగానే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. లారీ వెనక భాగం దగ్గరగా తీయండి: లైట్లు పనిచేసే స్థితిలో ఉన్నాయా, టేపు ఉందా, వెనక అడ్డంగా ఉండాల్సిన ఇనుప కమ్మీ ఉందా. బండి విడుదలయ్యాక గ్యారేజీలో కొత్త లైట్లు పెట్టేస్తారు.

ఒక హెచ్చరిక. "సాక్షిని నేను చూసిపెడతాను" అనేవాళ్లు వస్తారు. అక్కడ లేని మనిషిని సాక్షిగా నిలబెట్టొద్దు, వేరే బండిని కేసులో ఇరికించొద్దు. కంపెనీలు ఇన్వెస్టిగేటర్లను పెట్టుకుని ఫోన్ టవర్ వివరాల దాకా తీస్తున్నాయి. ఒక్క అబద్ధం దొరికితే నిజమైన కేసు కూడా మునుగుతుంది.

3. లారీ పాలసీ ఉందో లేదో చూడండి

ఎం–పరివాహన్ యాప్‌లో లారీ నంబరు కొడితే ఇన్సూరెన్స్ కంపెనీ, పాలసీ గడువు, ఫిట్‌నెస్ తేదీ కనిపిస్తాయి. ప్రమాదం జరిగిన రోజుకు, ఆ వేళకు పాలసీ ఉందా అన్నదే ప్రశ్న. ప్రమాదం అయ్యాక అదే రోజు సాయంత్రం కట్టిన పాలసీలు కూడా ఉంటాయి, మొదలైన సమయం కూడా చూడండి.

డ్రైవరుకు సరైన లైసెన్సు లేదని, పర్మిట్ లేదని కంపెనీ మెలిక పెడితే భయపడొద్దు. అలాంటప్పుడు చాలా కేసుల్లో "ముందు కుటుంబానికి చెల్లించు, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకో" అని ట్రిబ్యునల్ ఆదేశిస్తుంది. పాలసీయే లేకపోతే మాత్రం తొందరపడాలి. ఓనరు హామీ సొమ్ము కట్టకుండా లారీని విడిపించుకోకుండా చూడమని వెంటనే కోర్టులో అడగాలి. బండి వెళ్లిపోయాక మీ చేతిలో మిగిలేది ఓనరు అడ్రసు మాత్రమే.

లారీ గుద్ది పారిపోయి నంబరే దొరక్కపోతే దారి వేరు. ప్రభుత్వ పథకం కింద మరణానికి 2 లక్షలు వస్తాయి. జిల్లాలో దరఖాస్తు పెట్టుకోవాలి.

4. సంపాదన రుజువు చేయండి

"నెలకు యాభై వేలు సంపాదించేవాడు" అని నోటితో చెబితే జడ్జి రాసుకుంటారు గానీ లెక్కలో వేయరు. ఉద్యోగి అయితే జీతం స్లిప్పులు, ఫారం 16. వాటితోపాటు కంపెనీ నుంచి ఒకరు వచ్చి సాక్ష్యం చెబితే బలం. వ్యాపారి అయితే చనిపోకముందు వేసిన మూడేళ్ల ఐటీ రిటర్నులు, జీఎస్టీ, కరెంటు ఖాతా స్టేట్‌మెంట్లు. చనిపోయాక హడావిడిగా వేసిన రిటర్నుకు విలువ తక్కువ, అనుమానం ఎక్కువ.

రైతైతే పట్టాదారు పాస్‌బుక్కు పెట్టండి. కానీ ఒకటి గుర్తుంచుకోండి: భూమి ఎక్కడికీ పోలేదు, కుటుంబం దగ్గరే ఉంది. అందుకని పంట ఆదాయం మొత్తాన్ని నష్టంగా లెక్కించరు, ఆయన చాకిరీ, పర్యవేక్షణ విలువే లెక్కిస్తారు. పాల కేంద్రం చెల్లింపులు, ట్రాక్టరు బాడుగ లాంటివి ఉంటే వాటిని విడిగా చూపించండి.

పోయింది గృహిణి అయితే పిటిషన్‌లో "సంపాదన లేదు" అని రాయనివ్వకండి. ఇంటిపనికి, పిల్లల పెంపకానికి విలువ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2021లో మళ్లీ చెప్పింది. ఇంట్లో కుట్టుమిషనో, గేదెలో ఉంటే అదీ కలపండి.

5. మీ లెక్క మీరు వేసుకోండి

ఈ లెక్కలో రహస్యం ఏమీ లేదు. సరళా వర్మ కేసు (2009), ప్రణయ్ సేథీ కేసు (2017) తీర్పుల్లో సుప్రీంకోర్టు సూత్రం ఇచ్చింది. ట్రిబ్యునల్, కంపెనీ, లాయరు అందరూ దాన్నే వాడతారు. మీరొక్కరే తెలియకుండా బేరానికి కూర్చోవడం ఎందుకు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. 38 ఏళ్ల మనిషి, సొంత మొబైల్ షాపు, నెలకు 25,000 సంపాదన కాగితాలతో రుజువైంది. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయన మీద ఆధారపడ్డారు.

ఏడాది సంపాదన 3,00,000. పన్ను కట్టే ఆదాయమైతే ముందు పన్ను తీసేయాలి. ఇక్కడ పడదు.

భవిష్యత్తులో పెరిగే సంపాదన కలపాలి. సొంత వ్యాపారం, ప్రైవేటు జీతం అయితే 40 ఏళ్లలోపు 40 శాతం, 40–50 మధ్య 25, 50–60 మధ్య 10. పర్మినెంటు ఉద్యోగమైతే వరసగా 50, 30, 15. మన ఉదాహరణలో 40 శాతం కలిపితే 4,20,000.

సొంత ఖర్చు తీసేయాలి. ఆధారపడినవాళ్లు ఇద్దరు ముగ్గురైతే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురైతే నాలుగో వంతు, అంతకు మించితే ఐదో వంతు. పెళ్లికానివారైతే సగం. ఇక్కడ నాలుగో వంతు పోతే 3,15,000.

దాన్ని వయసు గుణకంతో హెచ్చించాలి. 15–25 ఏళ్లకు 18, 26–30కి 17, 31–35కి 16, 36–40కి 15, 41–45కి 14, 46–50కి 13, 51–55కి 11, 56–60కి 9, 61–65కి 7, ఆపైన 5. 38 ఏళ్లకు 15. అంటే 47,25,000.

దీనికి కన్సార్టియం, అంటే తోడు కోల్పోయినందుకు ఇచ్చేది, కలపాలి. 2017లో 40,000గా పెట్టి, మూడేళ్లకోసారి 10 శాతం పెంచమన్నారు. 2023 పెంపుతో 48,400. ఇది కుటుంబానికి ఒకటి కాదు, భార్యకు, ప్రతి బిడ్డకు, తల్లికి విడివిడిగా. నలుగురికి 1,93,600. అంత్యక్రియలకు 18,150, వారసులకు మిగలాల్సిన ఆస్తి పోయినందుకు (లాస్ ఆఫ్ ఎస్టేట్) 18,150.

మొత్తం 49,54,900. మూడు లక్షలిస్తానన్న లారీ ఓనరు మాట ఇప్పుడు ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇదే మనిషికి కాగితాలేవీ లేక కోర్టు నెలకు 12,000గా ఊహించుకుందనుకోండి. 47,25,000 ఉన్నచోట 22,68,000 అవుతుంది. ఆధార్‌లో వయసు 41 అని ఉంటే గుణకం 14కు పడిపోవడమే కాదు, 40 శాతం ఉన్నది 25 శాతం అవుతుంది. నాలుగో అడుగును, స్కూలు టీసీని ఎందుకు నొక్కి చెప్పానో ఇదే.

సరిచూసుకోండి: గుణకం పోయినవారి వయసును బట్టే. పెళ్లికాని కొడుకు పోతే తల్లి వయసు పట్టుకొని గుణకం తగ్గించబోతారు. ఒప్పుకోవద్దు. ఎల్‌ఐసీ సొమ్ము, కుటుంబ పెన్షను వచ్చాయి కాబట్టి తగ్గించాలని అన్నా ఒప్పుకోవద్దు, అవి తీసేయకూడదు.

6. ఆరు నెలల్లోపు కేసు వేయండి

2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలన్న గడువు ఉంది. దీని చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాలు పడింది. గడువు దాటిందని పిటిషన్లు కొట్టేయొద్దంటూ 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది. దాన్ని నమ్ముకొని కూర్చోకండి. మధ్యంతరం మధ్యంతరమే. పైగా వడ్డీ మామూలుగా పిటిషన్ వేసిన రోజు నుంచి కడతారు, ఆలస్యం చేస్తే నష్టం మీకే.

పోలీసులు కూడా 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికనే క్లెయిమ్‌గా తీసుకోవచ్చని చట్టం చెబుతోంది. దర్యాప్తు అధికారి మీ కుటుంబ వివరాల ఫారం ఇస్తే నింపి ఇవ్వండి, నకలు తీసుకోండి. కానీ "పోలీసులు పంపారు కదా" అని ఊరుకోవద్దు. కోర్టులో నంబరు పడిందో లేదో చూసుకోండి. మనవైపు దాన్ని ఎం.వి.ఓ.పి. నంబరు అంటారు. ఈ–కోర్టుల యాప్‌లో కొడితే వాయిదా తేదీ వస్తుంది. నంబరు చెప్పలేని లాయరు దగ్గర కేసు ఉన్నట్టు లెక్క కాదు.

భార్య, పిల్లలు, తల్లి, తండ్రి అందరినీ ఒకే పిటిషన్‌లో పెట్టండి. అత్తాకోడళ్లకు పడక ఇద్దరు రెండు కోర్టుల్లో వేసిన కేసులు చూశాను. రెండేళ్లు ఆ చిక్కు విప్పడానికే సరిపోయింది.

లాయరు ఫీజు గురించి. వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. జరగడం లేదని నేను అనను. మార్చురీ దగ్గరికే వకాల్తా కాగితాలతో వచ్చే ఏజెంట్లకు మాత్రం సంతకం పెట్టొద్దు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ 15100.

7. బేరం ఆడండి

రెండు రకాల మనుషులు వస్తారు. వాళ్లను కలిపేయకండి.

ఒకరు లారీ ఓనరు తరఫువాళ్లు. వీళ్లకు కావాల్సింది క్రిమినల్ కేసులో సాక్ష్యం మెత్తబడటం, బండి త్వరగా బయటపడటం. దశదిన కర్మ ఖర్చులకని యాభై వేలో, లక్షో ఇస్తే తీసుకోవచ్చు. రసీదులో "అంత్యక్రియల ఖర్చుల నిమిత్తం, క్లెయిమ్ హక్కులకు ఎలాంటి భంగం లేకుండా" అని రాయండి. "ఇకమీదట ఎలాంటి కేసులూ పెట్టము" అన్న వాక్యం ఉంటే డబ్బు వెనక్కి ఇచ్చేయండి. ఇప్పటికే అలాంటిదాని మీద సంతకం పెట్టేసి ఉంటే దాచకుండా లాయరుకు చూపించండి. మైనరు పిల్లల తరఫున కోర్టు అనుమతి లేకుండా చేసుకున్న రాజీ వాళ్లను కట్టిపడేయదు.

రెండోవాళ్లు ఇన్సూరెన్స్ కంపెనీ. అసలు సొమ్ము ఇచ్చేది వీళ్లు. కంపెనీ అధికారి రాజీ మొత్తం ప్రతిపాదించాలని చట్టంలోనే ఉంది. ఇక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్త. తప్పెవరిదని చూడకుండా మరణానికి 5 లక్షలు ఇచ్చే సెక్షన్ 164 కింద ప్రతిపాదన పెట్టొచ్చు. త్వరగా వస్తుంది, టెన్షన్ లేదు అంటారు. ఆ దారిలో తీసుకుంటే సెక్షన్ 166 కింద మీరు వేసిన పెద్ద క్లెయిమ్ రద్దవుతుంది. తప్పు పూర్తిగా మీవైపు ఉండి వేరే దారి లేనివాళ్లకు ఆ 5 లక్షలు వరమే. 49 లక్షల లెక్క ఉన్నవాళ్లకు కాదు.

కంపెనీ మొదటి అంకె ఎప్పుడూ తక్కువే. "ఎలా వచ్చిందో కాగితం మీద చూపించండి" అని అడగండి. నెల సంపాదన ఎంత వేశారు, గుణకం ఎంత, భవిష్యత్ పెంపు కలిపారా, మీవైపు తప్పు ఎంత శాతం అన్నారు? తేడా సాధారణంగా ఈ నాలుగింట్లోనే దాగి ఉంటుంది. అన్నిటి మీదా కొట్లాడకుండా, మీకు కాగితం బలం ఉన్నదాని మీద పట్టుబట్టండి.

ఎంతకు ఒప్పుకోవచ్చు? నా అనుభవంలో, లారీ తప్పు స్పష్టంగా ఉండి, సంపాదనకు కాగితాలు ఉంటే పదో వంతు వదులుకుని తొందరగా తెచ్చుకోవడం తెలివైన పనే. సగానికి సగం వదులుకోమంటే లేచి వచ్చేయండి. ఆలస్యానికి వడ్డీ ఉందని మర్చిపోవద్దు. 49.5 లక్షల మీద ఏడున్నర శాతం అంటే ఏడాదికి దాదాపు 3.7 లక్షలు. తప్పు ఎవరిదో తేలని కేసుల్లో, ముఖ్యంగా ఆగి ఉన్న లారీ కేసుల్లో, ఎక్కువ తగ్గాల్సి రావచ్చు. అక్కడ మీ సాక్షి ఎంత గట్టివాడన్నదే ధర.

ఆ అంకె వడ్డీతో కలిపా, విడిగానా అని తప్పక అడగండి. "నలభై లక్షలకు సెటిల్ అయింది" అని ఇంటికెళ్లి, మూడేళ్ల వడ్డీ అందులోనే కలిసిపోయిందని తర్వాత తెలుసుకున్నవాళ్లున్నారు.

8. సంతకం కోర్టులోనే

అంకె కుదిరితే దాన్ని లోక్ అదాలత్‌లో రికార్డు చేయించడం మేలు. జాతీయ లోక్ అదాలత్‌లు ఏడాదికి కొన్నిసార్లు జరుగుతాయి, తేదీ న్యాయ సేవాధికార సంస్థలో చెబుతారు. అక్కడి అవార్డు (తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, కంపెనీకి అప్పీలుకు పోయే వీలుండదు. మీరూ పోలేరు. లెక్క వేసుకోకుండా ఆ బల్ల ముందు కూర్చోవద్దని ఇంతసేపూ చెప్పింది అందుకే.

సంతకానికి ముందు రాజీ పత్రంలో ఇవి వెతకండి: మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా, వడ్డీ సంగతి, ఎన్ని రోజుల్లో కట్టాలి, గడువు దాటితే ఎంత వడ్డీ, ఎవరి వాటా ఎంత, మైనర్ల తరఫున కోర్టు అనుమతి. తెలుగులో చదివి వినిపించమని అడగడానికి మొహమాటపడొద్దు. అది మీ హక్కు.

రాజీ కుదరకపోతే విచారణ నడుస్తుంది. తీర్పు నచ్చకపోతే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు.

9. సొమ్ము వచ్చాక సరిచూడండి

అవార్డు వచ్చాక కంపెనీ 30 రోజుల్లో కట్టాలి. కట్టకపోతే లాయరు ఇ.పి. (అవార్డు అమలు చేయించే పిటిషన్) వేస్తారు. సొమ్ము నేరుగా మీ బ్యాంకు ఖాతాలకే పంపించమని కోర్టును అడగండి. 2025లో సుప్రీంకోర్టు ఆ పద్ధతినే పాటించమంది. ఖాతా మీ పేరు మీద, ఫోన్ నంబరు మీది, చెక్‌బుక్కు, ఏటీఎం కార్డు మీ దగ్గర. "ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఉంచండమ్మా, నేను చూసుకుంటాను" అన్నవాడు ఎవరైనా సరే, పెట్టొద్దు.

అవార్డు సర్టిఫైడ్ కాపీ పక్కన పెట్టుకుని వడ్డీ మీరే కట్టి చూడండి. మొదలైన తేదీ పిటిషన్ వేసిన రోజేనా, ఆగింది డిపాజిట్ చేసిన రోజేనా, శాతం అవార్డులో ఉన్నదేనా. నెలల తేడాతో వేలు పోయిన లెక్కలు నేనే దిద్దించాను. మెమో వేస్తే కంపెనీ మిగతాది కడుతుంది.

పిల్లల వాటా పద్దెనిమిదేళ్లు నిండేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంటుంది. రసీదు మీద ఏ బిడ్డ పేరు ఉంది, పుట్టిన తేదీ స్కూలు సర్టిఫికెట్‌తో కలుస్తోందా, వడ్డీ ఏ ఖాతాలో పడుతుందో చూడండి. ఫీజులకో, ఆసుపత్రికో అవసరమైతే గడువుకు ముందే కొంత తీసుకోవడానికి కోర్టులో పిటిషన్ వేయొచ్చు. కాలేజీ ఫీజు రసీదు జతచేస్తే చాలావరకు ఇస్తారు. బిడ్డకు పద్దెనిమిది నిండిన నెలలో అవార్డు కాపీ, టీసీ, ఆధార్ తీసుకుని అదే కోర్టుకు వెళ్లండి. ఎం.వి.ఓ.పి. నంబరు రేషన్ కార్డు వెనక రాసిపెట్టుకున్న ఒక తల్లి పదకొండేళ్ల తర్వాత వచ్చి ఒక్క పూటలో పని ముగించుకుని వెళ్లింది.